ప్రతి శనివారం ఆట ఉండాలి: క్రీడా, విద్యా శాఖలకు ఉత్తర తెలంగాణ నుంచి బహిరంగ లేఖ

స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ తెలంగాణ అధికారులకు, పాఠశాల విద్యాశాఖకు, ఇంటర్మీడియట్ బోర్డుకు, ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల కలెక్టర్లకు, ఊళ్ల సర్పంచులకు,

నమస్కారం.

మేం ఈ జిల్లాల సర్కారు బడుల్లో, గురుకులాల్లో, మండల కేంద్రాల మైదానాల్లో పిల్లలకు ఆటలు నేర్పేవాళ్లం. ఒలింపిక్స్ ముగిసిన ప్రతిసారీ ఇంత పెద్ద దేశానికి ఇన్నే పతకాలా అని నెల రోజులు చర్చ జరుగుతుంది. పేద దేశం, పిల్లలకు తిండే సరిగ్గా లేదు, ఆటలెట్లా వస్తాయని కొందరంటారు. మనవాళ్ల ఒంట్లోనే ఆ సత్తువ లేదని ఇంకొందరంటారు. ఆ రెండు మాటలూ మేం ఒప్పుకోం. ఆట వారం వారం జరిగితేనే బతుకుతుంది. మన దగ్గర డబ్బు, జీవో, శ్రద్ధ అన్నీ ఏడాదికోసారే వస్తాయి. మా లెక్కలో అసలు లోటు అదే, ఈ లేఖ దాని గురించే.

పేదరికమే కారణమైతే జమైకా సంగతి ఏం చెప్తాం? ఆ దేశం జనాభా దాదాపు 28 లక్షలు. 2011 జనగణనలో మన పాత వరంగల్ జిల్లా ఒక్కదాంట్లోనే 35 లక్షల మంది ఉన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జమైకాకు ఆరు పతకాలొచ్చాయి, అందులో ఒకటి స్వర్ణం. మన దేశం మొత్తానికీ ఆరే, స్వర్ణం లేదు. కెన్యాకు పదకొండు. ఇవేవీ ధనిక దేశాలు కావు. జమైకాలో హైస్కూళ్ల మధ్య జరిగే అథ్లెటిక్స్ పోటీని ‘ఛాంప్స్’ అంటారు. 1910లో మొదలైంది. ఏటా ఈస్టర్‌కు కాస్త ముందు కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో ఐదు రోజులు నడుస్తుంది, జనం కిక్కిరిసిపోతారు. ఆ ఐదు రోజుల ఫొటోలు మన అధికారులు కూడా చూసే ఉంటారు. వాటికంటే ముఖ్యమైనది జనవరి నుంచి ప్రతి వారాంతం జరిగే చిన్న చిన్న మీట్లు. అక్కడి పిల్ల ఛాంప్స్‌కు వచ్చేసరికే ఆ సీజన్‌లో టైము లెక్కగట్టే పోటీల్లో చాలాసార్లు పరుగెత్తి ఉంటుంది. బడులకు కోచ్‌లు కావాలని 1980లో క్యూబా సాయంతో జీసీ ఫోస్టర్ కాలేజీ తెరిచారు. అక్కడ చదివినవాళ్లే బడుల్లోకి వెళ్లారు. ఉసేన్ బోల్ట్ హైస్కూల్లో పరుగెత్తింది గడ్డి మైదానం మీదే. వాళ్లకు ముందున్నది క్యాలెండర్, కోచ్. సింథటిక్ ట్రాక్ తర్వాత వచ్చింది.

మనం ముందు ట్రాక్ వేశాం. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. 1,500 మీటర్లలో 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లతో అక్కడే దాటింది. ఆ ట్రాక్ వచ్చినందుకు మాకు సంతోషమే. అయితే పర్వతగిరిలోనో, ఏటూరునాగారంలోనో ఉన్న పిల్ల ఏడాదిలో ఎన్నిసార్లు దాని మీద కాలు పెడుతుందో అధికారులే లెక్క తీయాలి. ట్రాక్ కూడా ఒకసారి వేస్తే అయిపోయే పని కాదు. 13 మిల్లీమీటర్ల మందముండే ఆ పొర, బాగా చూసుకుంటే, ఎనిమిది నుంచి పదేళ్లు ఆగుతుంది. దుమ్ము పేరుకుంటే నీటితో కడగాలి. తొమ్మిది మిల్లీమీటర్లకు మించిన స్పైకులతో దాని మీద పరుగెత్తనివ్వొద్దు. సభలకని లారీలు, కుర్చీలు ఎక్కిస్తే నాలుగైదేళ్లకే అతుకుల దగ్గర లేస్తుంది. వేయడానికి నిధులు ఒక పద్దు కింద వస్తాయి, కడగడానికి ఏ పద్దూ ఉండదు.

ఎదుగుతున్న దేశాలన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది. డబ్బు తక్కువ ఉన్నచోట కంటికి కనిపించే పనికే డబ్బు పోతుంది. గోడకు శిలాఫలకం పెట్టొచ్చు. వారం వారం నీళ్లు కొట్టే మనిషి జీతానికి శిలాఫలకం పెట్టలేం. క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 33వ అంశం. కాబట్టి ఈ మాట ఢిల్లీకి కాదు, మీకే చెప్పాలి. 2025లో కొత్త క్రీడా విధానం ప్రకటించారు. 2024 డిసెంబర్‌లో సీఎం కప్ జరిపారు. రెండూ మంచివే. అయితే సీఎం కప్‌లో తొలిరోజే ఓడిన ఊరి జట్టు మళ్లీ ఎప్పుడు ఆడుతుందన్నదానికి ఇప్పటికీ జవాబు లేదు.

ఊరి మైదానం దగ్గర మొదలుపెడతాం. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ఆలోచన గొప్పది. రాష్ట్రంలో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి. ప్రతిచోటా అర ఎకరమో ఎకరమో ఆటకు దక్కడం చిన్న విషయం కాదు. దక్కిన జాగల్లో ఎక్కువ శాతం ఊరి చివర పనికిరాని నేల. కొన్నిచోట్ల చెరువు శిఖం, కొన్నిచోట్ల గుట్ట పక్కన రాతి నేల. ఎక్కడ తప్పు జరుగుతుందో మేం చూసింది చూసినట్టు చెప్తాం.

రేగడి నేల అయితే వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో అరచేయి పట్టేంత పగుళ్లు తేలుతుంది. దాని మీద నేరుగా ఎర్రమట్టి పోసి చదును చేస్తే ఒక్క వానకే కొట్టుకుపోతుంది. పై రేగడిని కనీసం అడుగు లోతు తీసేయాలి. మొరం రెండు విడతలుగా పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించాలి. ఆపైన జల్లించిన ఎర్రమట్టి మూడంగుళాలు. నీళ్లు నిలవకుండా నూరు అడుగులకు ఒక అడుగు వాలు ఒకే దిక్కుకు ఇవ్వాలి. చెలక నేలకు ఇంత పని ఉండదు. రాళ్లు ఏరి, చదును చేసి, తడిపి తొక్కిస్తే చాలు.

లాంగ్‌జంప్ పిట్ చాలా చోట్ల చూడగానే తెలిసిపోయే తప్పుతో ఉంటుంది. చుట్టూ ఇటుక కట్టి సిమెంటు పూస్తారు. ఆ అంచు నేలకంటే రెండంగుళాలు పైకి ఉంటుంది. పిల్ల పక్కకు పడితే నడుమో మోచేయో దానికే తగులుతుంది. అంచు నేలకు సమంగా ఉండాలి, మీద రబ్బరో చెక్కో ఉండాలి. పిట్ కనీసం ఏడు మీటర్ల పొడవు, 2.75 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు. దానికి దాదాపు మూడు ట్రాక్టర్ల వాగు ఇసుక కావాలి. దొడ్డు ఇసుక, కడిగింది అయితే మంచిది. ఒక్క ట్రాక్టరే పోసి లెక్కలో మూడు రాస్తే కింద మొరం తగిలి మడమలు పోతాయి. రోబో ఇసుక అసలు వాడొద్దు, చర్మం గీరుకుపోతుంది. పరుగుదారి నలభై మీటర్లు ఉండాలి, పిల్లలకు ముప్పై అయినా ఫర్వాలేదు. పదిహేను మీటర్లలో పిట్ పెట్టిన చోట ఎవరూ సరిగ్గా దూకలేరు. పడమటి దిక్కుకు దూకేలా కట్టారంటే సాయంత్రం ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. ఇసుక వారం కదపకపోతే గట్టిపడుతుంది. దూకే ముందు ప్రతిసారీ పారతో తవ్వి, కొంచెం తడిపి, చదును చేయాలి.

ఖోఖో స్తంభాలది ఇంకో సమస్య. నున్నటి చెక్క స్తంభం, నేలపైన 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు, తొమ్మిది పది సెంటీమీటర్ల మందం ఉండాలి. దాని బదులు సన్న ఇనుప పైపు పాతి చుట్టూ కాంక్రీటు దిమ్మె కడుతున్నారు. ఆట మొత్తం ఆ స్తంభం పట్టుకుని తిరగడమే. మడమ, మోకాలు దిమ్మెకు తగులుతూనే ఉంటాయి. కాంక్రీటు నేలకు అరడుగు కిందే ఆగాలి, పైన మట్టే ఉండాలి. కబడ్డీ కోర్టు అమ్మాయిలకు 12 మీటర్లకు 8. మొరం మీద కబడ్డీ ఆడిస్తే మోకాళ్లు, మోచేతులు రక్తమే. ఆరంగుళాలు తవ్వి, రాళ్లు ఏరి, రెండు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు సన్న ఇసుక, ఒక పాలు రంపపు పొట్టు కలిపి నింపాలి. అన్నీ కలిసి ఐదు ట్రాక్టర్లు. గీతలకు సున్నం పొడి వాడొద్దు, కంట్లో పడితే కాలుతుంది. ముగ్గుపిండి చాలు.

ఎకరం జాగలో ట్రాక్ ఎట్లా పడుతుందని అడిగే ఇంజినీర్ల కోసం ఈ లెక్క. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కు నాలుగెకరాల పైమాటే కావాలి, ఊళ్లో కుదరదు. కానీ జాగ 95 మీటర్ల పొడవు, 42 మీటర్ల వెడల్పు ఉంటే నాలుగు లేన్ల 200 మీటర్ల మట్టి ట్రాక్ అందులో సరిపోతుంది. వంపు వ్యాసార్ధం 15 మీటర్లు, తిన్నటి దారి ఒక్కోవైపు 52.25 మీటర్లు, లేను వెడల్పు 1.22 మీటర్లు. మట్టి ట్రాక్‌కు లోపల గట్టు ఉండదు కాబట్టి గీతకు 20 సెంటీమీటర్ల దూరంలో కొలవాలి. పూర్తి చుట్టు లేన్లలోనే పరుగెత్తిస్తే రెండో లేనుకు 7.67 మీటర్లు, మూడోదానికి 15.33, నాలుగోదానికి 23 మీటర్లు మొదలు గీతను ముందుకు జరపాలి. పెద్ద ట్రాక్ పుస్తకంలోని 7.04ను ఇక్కడ వాడితే రెండో లేను పిల్లకు అన్యాయం జరుగుతుంది. ఆ లెక్క గట్టున్న ట్రాక్‌ది. ట్రాక్ లోపల 30 మీటర్ల వెడల్పు జాగ మిగులుతుంది. సర్దుకుంటే ఖోఖో, వాలీబాల్, కబడ్డీ, జంప్ పిట్ నాలుగూ పడతాయి. అదే ఎకరం చతురస్రంగా ఇస్తే ట్రాక్ పడదు. అందుకే జాగ కొలిచేటప్పుడే వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి పిలవండి. కొలిచాక పిలిచి లాభం లేదు.

ఇదంతా చేసినా ఆరు నెలలు చూడకపోతే సర్కారు తుమ్మ మొలుస్తుంది. యాసంగి కోతలప్పుడు వడ్లు, వానాకాలం పంటప్పుడు మక్కలు ఆరబోస్తారు. లోడు ట్రాక్టర్ ఒక్కసారి అడ్డంగా పోతే చక్రాల గాళ్లు పడతాయి. రైతును తప్పు పట్టలేం, కొనుగోలు కేంద్రం దగ్గర జాగ లేకనే ఇక్కడికి వస్తాడు. గొడవ పెట్టుకోకుండా మైదానంలో ఒక పక్క ఆరబోతకు విడిచి, ట్రాక్, కోర్టుల వైపు రాతి కడీలు పాతి బండ్లు ఆపాలి. ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు ఉన్నాయి. మల్టీపర్పస్ వర్కర్లు ఉన్నారు. శుక్రవారం సాయంత్రం ఒక ట్యాంకరు నీళ్లు, శనివారం పొద్దున రోలర్, రోజుకు ఒక మనిషి రెండు గంటలు. కొత్త పథకం ఏదీ అక్కర్లేదు. ఆ రెండు గంటలు ఆ మనిషి పనిలో భాగమని కలెక్టరు గారు రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

ఇక పోటీలు. మా దృష్టిలో మైదానం కంటే పెద్ద లోటు ఇక్కడే ఉంది.

ఇప్పుడు స్కూల్ గేమ్స్ మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి అనే మెట్ల మీద నడుస్తున్నాయి. మండల స్థాయిలో ఒక్కరోజు నాకౌట్. పదహారు జట్లు వస్తే మొత్తం పదిహేను ఆటలు జరుగుతాయి, ఎనిమిది జట్లు ఒకే ఒక్క ఆట ఆడి ఇంటికి పోతాయి. పొద్దున పదకొండుకు ఓడిన బడికి ఆ ఏడాది ఆటలు అయిపోయినట్టే. జూన్ నుంచి ప్రాక్టీస్ చేసిన పిల్లకు ముప్పై ఐదు నిమిషాలు. ఓడి నేర్చుకోవడానికి రెండో ఆట ఉండాలి కదా! అదే పదిహేను ఆటల్ని ఆరు జట్ల లీగ్‌గా ఆడిస్తే ఒక్కో జట్టుకు ఐదు ఆటలు దక్కుతాయి. ఖర్చులో పెద్ద తేడా లేదు.

ఎట్లా చేయాలో కూడా చెప్తాం. ఒకే రూటులో ఉన్న ఆరు హైస్కూళ్లను ఒక గుంపు చేయండి. జట్లకు ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేయండి. మొదటి శనివారం 1–6, 2–5, 3–4. తర్వాత ఒకటో జట్టును కదపకుండా మిగిలినవాటిని ఒక్కో స్థానం జరుపుతూ పొండి: రెండో వారం 1–5, 6–4, 2–3. మూడో వారం 1–4, 5–3, 6–2. నాలుగో వారం 1–3, 4–2, 5–6. ఐదో వారం 1–2, 3–6, 4–5. ఐదు శనివారాల్లో అందరూ అందరితో ఆడేస్తారు. ప్రతి వారం ఒక బడి ఆతిథ్యం ఇస్తుంది, ఆరో బడికి మండల ఫైనల్. జూనియర్ కబడ్డీ అంటే పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. రెండు కోర్టులుంటే, ఒకదాంట్లో అమ్మాయిలు, ఇంకోదాంట్లో అబ్బాయిలు, మధ్యాహ్న భోజనం అయ్యాక ఒంటిగంటన్నరకు మొదలుపెట్టి నాలుగుకల్లా ఆరు ఆటలూ ముగించొచ్చు.

బస్సు ఖర్చుకు ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గరే చాలా పోటీలు ఆగిపోతాయి. అమ్మాయిలకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఛార్జీ లేదు. ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. అంటే అమ్మాయిల లీగ్ ప్రయాణ ఖర్చు ఇప్పటికే తీరింది. ఇక అబ్బాయిల జట్టుకు పన్నెండు టికెట్లు, అంతే. దానికి ప్రధానోపాధ్యాయుడి చేతిలో ముందే డబ్బు ఉండాలి. ఆర్నెల్ల తర్వాత బిల్లు పెట్టుకోమంటే ఏ బడీ కదలదు.

నెలలు కూడా ఇక్కడి బతుకును చూసి పెట్టాలి. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా పత్తి ఏరే కాలం. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చేలల్లో ఉంటారు. అంతకుముందు బతుకమ్మ, దసరా సెలవులు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. కాబట్టి జూలై, ఆగస్టుల్లో ఒక లీగ్, జనవరి, ఫిబ్రవరిలో రెండో లీగ్. మేడారం జాతర పడే ఏడాది ఆ వారం విడవాలి. ఇప్పుడు ఆటల శిక్షణ అంటే మే నెల వేసవి శిబిరమే అయింది. రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు కాసే నెల అది. ఆ ముప్పై రోజుల్లో వచ్చిన దమ్ము, ఆపేసిన నెల రోజులకే తగ్గిపోతుంది. శిబిరానికి పెట్టే ఖర్చును పది నెలలకు పంచితే ఎంతో నయం.

లీగ్ వల్ల ఇంకో మేలు ఉంది. మండల కేంద్రంలో పనిదినాన జరిగే నాకౌట్‌కు కూలికి పోయే తల్లి రాలేదు. ఊళ్లోనే శనివారం ఆట ఉంటే వచ్చి నిలబడి చూస్తుంది. ఆట సంస్కృతి అనేది ఆడే ఏడుగురితో వచ్చేది కాదు. చూసేవాళ్లు, స్కోరు రాసేవాళ్లు, ఈల ఊదేవాళ్లు, గెలిచిన జట్టు పేరు పంచాయతీ బోర్డు మీద రాసేవాళ్లు అందరూ కావాలి. కబడ్డీకి రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్ ఒకరు, సహాయ స్కోరర్లు ఇద్దరు. జట్టులో చోటు దక్కని తొమ్మిదో తరగతి పిల్లలకు స్కోరింగు నేర్పితే రెండు ఆదివారాల్లో వస్తుంది. అట్లా నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక కూడా ఆటను వదలదు.

సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలో ఏరియాల మధ్య పోటీలు ఏళ్ల తరబడి నడిచాయంటే కారణం అదే. షిఫ్టు దిగాక ఆడుకునే మైదానం దగ్గరే ఉంది, పోటీ ఎప్పుడో ముందే తెలుసు, చూడ్డానికి కాలనీ అంతా ఉంది.

సామగ్రి గురించి క్లుప్తంగా. సమగ్ర శిక్షా కింద ఏడాదికి ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఆటల గ్రాంటు ఉంది. జూన్‌లో రావాల్సింది ఏడాది ముగిసేటప్పుడు వస్తే ఏం కొంటారు? పైనుంచి కొని పంపితే 17 ఏళ్లలోపు అమ్మాయిలకు మూడు కిలోల షాట్‌పుట్ గుండు కావాల్సిన చోట మగవాళ్ల 7.26 కిలోలది దిగుతుంది. నలభై మంది తరగతికి ఒక్క వాలీబాల్ ఇస్తే పన్నెండు మంది ఆడతారు, ఇరవై ఎనిమిది మంది కూర్చుంటారు. ఖరీదైన బంతి ఒకటి కంటే మామూలు బంతులు ఎనిమిది మేలు. ఇక 45 నిమిషాల పీరియడ్‌లో మైదానానికి పోవడం, రావడం, చేతులు కడగడం పోను అరగంట మిగులుతుంది. వారంలో రెండు పీరియడ్లను కలిపి ఒకేచోట ఇవ్వండి. ఆ గంటన్నరను లెక్కల సారు, సైన్సు సారు సిలబస్‌కు అడగకుండా చూడండి. వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడికి వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని, బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. మేం కొత్తగా కోరడం లేదు.

వయసు దొంగతనం గురించి మా వృత్తివాళ్లే బయటికి చెప్పరు. ఇక్కడ చెప్పాల్సిందే. పద్నాలుగేళ్ల లోపు పోటీలో పదహారేళ్ల పిల్లగాడు ఆడితే గెలుస్తాడు, సర్టిఫికెట్ వస్తుంది, బడికి పేరు వస్తుంది. నిజంగా పద్నాలుగేళ్లున్న పిల్లలు వాడి చేతిలో రెండేళ్లు వరుసగా ఓడి ఆట మానేస్తారు. ఆ గెలిచినవాడు పందొమ్మిదేళ్ల విభాగానికి వచ్చేసరికి తోటివాళ్లంతా సమానమవుతారు, అంతవరకు ఒంటిబలంతో నెట్టుకొచ్చాడు కాబట్టి నైపుణ్యం ఉండదు, వాడూ పోతాడు. రెండు వైపులా నష్టమే. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూసే పద్ధతి ఉంది గానీ దాంట్లోనూ ఏడాది అటూ ఇటూ తేడా వస్తుంది. అంతకంటే గట్టి ఉపాయం ఆరో తరగతిలో చేరినరోజే జనన ధ్రువపత్రం నకలు క్రీడా రిజిస్టర్‌లో అతికించి, తర్వాత ఏ మార్పూ చెల్లదనడం. కోచ్ కొలువు, బడి ర్యాంకు పతకాల మీదే ఆధారపడినంత కాలం ఈ మోసం ఆగదు. ఎంతమంది పిల్లలు ఎన్ని ఆటలు ఆడారన్నది కొలమానం చేయండి.

తిండి సంగతి. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని నిబంధన. మామూలు పిల్లకు ఒక పూటకు అది సరిపోతుంది. రోజూ గంటన్నర సాధన చేసే 45 కిలోల అమ్మాయికి రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ కావాలి. రాత్రి ఇంట్లో అన్నం, పచ్చిపులుసు తిని పడుకుంటే ఆ లోటు తీరదు. సాధన అయిన అరగంటలోపు రెండు ఉడికిన గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఒక అరటిపండు ఇస్తే 20 గ్రాములకు పైగా అందుతుంది. ఇవాళ్టి ధరల్లో ముప్పై రూపాయల లోపు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఆ పిల్లను 800 మీటర్లు పరుగెత్తించి రెండో చుట్టులో ఆగిపోతే బద్ధకం అంటున్నాం. ముందు రక్తం చూడాలి. హిమోగ్లోబిన్ పన్నెండు కంటే తక్కువుంటే పరుగు పెంచొద్దు, డాక్టరుకు చూపించాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఆటల పిల్లలు తప్పకుండా మింగేలా చూడాలి, అన్నం తిన్నాక, నిమ్మకాయ నీళ్లతో. చాయ్‌తో వేసుకుంటే మాత్ర వేసుకున్న ఫలితం సగం పోతుంది.

ఇంటర్ బోర్డుకు ఒక మాట. పదహారు, పద్దెనిమిది ఏళ్ల మధ్యే ఆటగాడు తయారవుతాడు. మన దగ్గర సరిగ్గా ఆ రెండేళ్లే పిల్లల్ని గదుల్లో పెట్టి తాళం వేస్తున్నాం. మైదానమే లేని అపార్ట్‌మెంట్లలో నడిచే కాలేజీలకు ఏటా గుర్తింపు ఎట్లా పొడిగిస్తున్నారు? పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్స్ ఉంటే జిల్లా జట్టులో ఉన్న పిల్ల ఎక్కడ సాధన చేయాలి? తల్లిదండ్రుల మీద మాకు కోపం లేదు. భూమి అమ్ముకుని ఫీజు కట్టే ఇంట్లో ఆట ఓ జూదం. గెలిస్తే కొలువు, ఓడితే రెండేళ్లు పోయినట్టే. ఐరోపాలో పిల్ల ఆటలో ఓడితే మళ్లీ చదువుకుంటుంది, ఇక్కడ ఆ దారి మూసి ఉంది. అందుకే ఇక్కడ జనం ఆటకంటే స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్‌ను వెతుక్కుంటారు, పది మంది కూడా ఆడని ఆటల్లో సర్టిఫికెట్లు పుడతాయి. జిల్లా స్థాయి ఆపైన ఆడే పిల్లలకు హాజరు మినహాయింపు, తప్పిన ప్రాక్టికల్‌కు మళ్లీ తేదీ, సాయంత్రం నాలుగున్నర తర్వాత రెండు గంటల విడుదల. ఈ మూడూ రాతలో ఇస్తే చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఆపరు.

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024లో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 (మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల పారా విభాగం)లో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. గురుకులంలో చదివిన పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే 2014లో ఎవరెస్టు ఎక్కింది. ఒకరిని బడి పోటీలో ఎవరో గమనించారు, ఒకరికి తండ్రే క్రీడాకారుడు, ఒకరికి గురుకులం తిండి, పడక, క్రమశిక్షణ ఇచ్చింది. పక్క ఊళ్లో అంతే సత్తా ఉన్న పిల్లకు ఆ మూడింటిలో ఏదీ దొరకకపోతే ఏమవుతుందన్నదే మా బాధ.

అమ్మాయిల కోసం చేయాల్సినవి చిన్నవే. మైదానం పక్కన గొళ్లెం పడే గది ఒకటి, నీళ్లున్న మరుగుదొడ్డి, చీకటి పడేలోపు సాధన ముగిసే సమయం. ప్రాంగణం పక్కన బెల్టు షాపు ఉంటే ఆడపిల్ల రాదు, దాని కోసం ప్రత్యేకంగా కమిటీ వేయనక్కర్లేదు, ఎక్సైజ్ సిబ్బంది వెళ్లి మూయించాలి. సాయంత్రం మగపిల్లల క్రికెట్ మైదానమంతా ఆక్రమిస్తుంది కాబట్టి వారంలో మూడు రోజులు నాలుగున్నర నుంచి ఆరు దాకా అమ్మాయిలకే అని బోర్డు రాసి పెట్టాలి, సర్పంచు నిలబడి అమలు చేయాలి.

మొత్తం రాష్ట్రంలో ఒకేసారి చేయమని అడగడం లేదు. వచ్చే జూన్‌కు ఉమ్మడి నాలుగు జిల్లాల్లో ఒక్కో జిల్లాకు రెండు మండలాలు తీసుకోండి. ఒక్కో మండలంలో పన్నెండు హైస్కూళ్లు, రెండు గుంపులు, కబడ్డీ, ఖోఖో, 100, 400 మీటర్ల పరుగు, ఏడాదికి రెండు లీగులు. ఏప్రిల్ ముప్పైలోపు జట్ల పట్టిక, మే నెలలో మైదానాల మరమ్మతు, జూన్ మొదటి వారానికి ప్రధానోపాధ్యాయుల ఖాతాలో బస్సు, గుడ్ల డబ్బు. తేదీలు మారిస్తే పదిహేను రోజుల ముందు చెప్పాలి, వీఐపీ రాక కోసం ఏ శనివారమూ ఆపొద్దు. ఫైనల్‌కు మంత్రి గారు వచ్చినా రాకపోయినా ఆట ఒంటిగంటన్నరకు మొదలవ్వాలి. స్కోరు పుస్తకాలు, జట్ల షెడ్యూలు, మైదానం కొలతల పటాలు మేం తయారుచేసి ఇస్తాం. అంపైర్ల శిక్షణ ఆదివారాలు మేమే తీసుకుంటాం, దానికి భత్యం అడగం. మండలాల పేర్లు, ఒక్కో మండలానికి బాధ్యుడైన ఒక అధికారి పేరు మార్చిలోపు ప్రకటించండి.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ జిల్లాల వ్యాయామ ఉపాధ్యాయులు, శిక్షకులు కొందరు
వరంగల్